ఫ్రెష్ మాసా పిండి ఎక్కడ దొరుకుతుంది? కొనేముందు అడగాల్సిన మూడు ప్రశ్నలు

ఈరోజు ఎపిసోడ్ ఒక పిండి గురించి. అవును, పిండి గురించే. శాన్‌ఫ్రాన్సిస్కో, ఓక్లాండ్, ఫ్రీమాంట్, శాన్‌హోసే వైపు ఉండే మనవాళ్ళు చాలామంది అడిగే ప్రశ్న ఇది. "బ్రో, టాకోలు ఇంట్లో చేద్దామనుకుంటున్నాం, ఆ ఫ్రెష్ మాసా ఎక్కడ కొనాలి?"

సస్పెన్స్ పెట్టను, సమాధానం ముందే చెప్పేస్తా. శాన్‌ఫ్రాన్సిస్కోలో అయితే మిషన్ డిస్ట్రిక్ట్, 24వ వీధిలో లా పాల్మా మెక్సికటెసెన్ అనే షాపు. 1953 నుంచి ఉంది. మొక్కజొన్నని అక్కడే ఉడికించి, అక్కడే రుబ్బి, పౌండ్ల లెక్కన పిండి అమ్ముతారు. అంతే. అడ్రస్ చాలనుకునేవాళ్ళు ఇక్కడితో వీడియో ఆపేసి వెళ్ళిపోవచ్చు.

కానీ ఒక్క మాట. వెళ్ళేముందు, ముఖ్యంగా మీరు శాకాహారులైతే, ఇంట్లో అమ్మానాన్న విజిటర్ వీసా మీద వచ్చి ఉంటే, ఇంకో పది నిమిషాలు నాతో ఉండండి. ఎందుకంటే నేను షాపు గురించి తెలుసుకోకముందు ఒక తప్పు సంచీ ఇంటికి తెచ్చాను. దాని వల్ల ఏమైందో చెప్పాలి. ఈ విషయం కెమెరా ముందు చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. అమ్మని అడిగాను. "చెప్పు, ఇంకొకరు తేకుండా ఉంటారు" అంది.

మాది కర్నూలు వైపు. జొన్నరొట్టె లేకుండా మా ఇంట్లో పొద్దు గడవదు. అమ్మ ఇక్కడికి వచ్చిన మొదటి వారంలోనే ఇండియన్ స్టోర్ నుంచి జొన్నపిండి తెచ్చాను. రొట్టె తట్టబోతే అంచులన్నీ విరిగిపోయాయి. అమ్మ పిండి వాసన చూసి "ఇది ఎప్పుడు ఆడించిన పిండిరా, ముసలిదైపోయింది" అంది. జొన్నపిండి పాతబడితే రొట్టె సాగదని మన దగ్గర అందరికీ తెలుసు. మర నుంచి వేడివేడిగా తెచ్చుకుని రెండు మూడు వారాల్లో వాడేస్తాం. ఇక్కడ ప్యాకెట్ ఓడెక్కి వచ్చేసరికి ఎన్ని నెలలైందో.

తర్వాత ఒకరోజు శాన్‌హోసేలో రోడ్డు మీద నడుస్తుంటే ఒక మెక్సికన్ రెస్టారెంట్ అద్దంలోంచి ఇద్దరు ఆడవాళ్ళు కనిపించారు. పిండి ముద్ద తీసుకుని రెండు అరచేతుల మధ్య టపటపా తడుతున్నారు, పెనం మీద వేస్తున్నారు. అమ్మ అక్కడే ఆగిపోయింది. "ఒరేయ్, ఇవి మన రొట్టెలే కదరా! జొన్నలా?"

"కాదమ్మా, మొక్కజొన్న."

"మొక్కజొన్న పిండి ఇట్లా రాదే. తడితే విరిగిపోదూ?"

కరెక్ట్ ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి ఇండియన్ స్టోర్‌లో దొరికే మక్కీ ఆటాతో ప్రయత్నించాం. విరిగిపోయింది. అప్పుడు యూట్యూబ్ చూసి, వాళ్ళు వాడేది మామూలు మొక్కజొన్న పిండి కాదని, మాసా అని తెలుసుకున్నాను. ఇంటి దగ్గర ఒక సూపర్ మార్కెట్‌కి వెళ్ళాను. ఫ్రిజ్ సెక్షన్‌లో మెత్తటి తెల్ల ముద్ద ఉన్న సంచులు. మీద పెద్ద అక్షరాల్లో మాసా అని ఉంది. దాని కింద 'ప్రెపరాదా' అని ఉంది. ప్రిపేర్డ్ అన్నమాట, రెడీమేడ్, ఇంకా మంచిదే కదా అనుకున్నాను. ఇంజనీర్ బుర్ర! లేబుల్ వెనక్కి తిప్పి చూడలేదు.

అది శనివారం. అమ్మ శనివారాలు ఒంటిపూట ఉంటుంది, వేంకటేశ్వరస్వామికి. సాయంత్రం దీపం పెట్టి, ఆ పిండి తీసి తట్టబోయింది. చేతికి జిడ్డుగా అంటుకుంటోంది. రొట్టెలా సాగట్లేదు. "ఇందులో నూనె ఏదో కలిపినారు" అంది. ఎలాగో ఒకటి చిన్నగా తట్టి పెనం మీద వేసింది. వాసన వేరేగా ఉంది. ఉప్పు సరిపోయిందో లేదో చూద్దామని ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది.

అప్పుడు నేను సంచీ వెనక్కి తిప్పాను. మొక్కజొన్న, నీళ్ళు, ఉప్పు, లార్డ్. లార్డ్ అంటే పంది కొవ్వు.

మీకు తెలుసు కదా, మా అమ్మ జీవితంలో గుడ్డు కూడా ముట్టలేదు. హోటల్‌కి వెళ్తే ప్యూర్ వెజ్ బోర్డు ఉందా లేదా చూసి గానీ మంచినీళ్ళు తాగదు. నేను ఆ సంచీ పట్టుకుని నిలబడ్డాను. చెప్పకపోతే ఆమెకి ఎప్పటికీ తెలీదు. "పిండి బాగాలేదమ్మా, పారేద్దాం" అంటే అయిపోయేది. ఒక పది సెకన్లు నిజంగానే అదే ఆలోచించాను.

చెప్పేశాను. అమ్మ ఏం మాట్లాడలేదు. నోరు కడుక్కుంది. మళ్ళీ తలస్నానం చేసింది. దేవుడి దగ్గర చాలాసేపు కూర్చుంది. నేను ఆ గిన్నె, పెనం తోముతూ ఉన్నాను. బయటికొచ్చాక ఒకటే అంది. "కొనేటప్పుడు అడగాల. నోరుంది కదా నీకు."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత నాలుగు రోజులు నేను బయటి నుంచి తెచ్చినదేదీ తినలేదు. పెరుగు డబ్బా కూడా తిప్పి తిప్పి చూసి, నన్ను చదవమని అడిగింది.

తప్పు షాపుది కాదు, లేబుల్ మీద స్పష్టంగానే రాసి ఉంది. తప్పు నాది, అడగలేదు, చదవలేదు. అందుకే ఈ ఎపిసోడ్‌లో షాపు అడ్రస్ కంటే ఏం అడగాలన్నదే ముఖ్యం.

సరే, అసలు మాసా అంటే ఏంటి? స్పానిష్‌లో మాసా అంటే పిండి ముద్ద, అంతే. కానీ మెక్సికన్ వంటలో మాసా అంటే మొక్కజొన్న ముద్దే. ఎండిన మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికిస్తారు. అవును, మన తాంబూలంలో వేసుకునే సున్నమే, కాల్షియం హైడ్రాక్సైడ్. ఉడికాక రాత్రంతా అదే నీళ్ళలో నాననిస్తారు. పొద్దున గింజ మీద పొట్టు జారిపోయేలా కడిగి, తడిగా ఉన్నప్పుడే రాతి మరలో రుబ్బుతారు. ఇలా సున్నంతో ఉడికిన గింజల్ని నిక్స్టమాల్ అంటారు. అది మెక్సికోలో అజ్టెక్‌లు మాట్లాడిన నావాట్ల్ భాష పదం. బూడిద అనే మాట, పిండి ముద్ద అనే మాట కలిసి ఏర్పడింది. పాతరోజుల్లో సున్నం బదులు బూడిద నీళ్ళు కూడా వాడేవాళ్ళు. ఈ పద్ధతికి 3,000 ఏళ్ళ పైనే చరిత్ర ఉంది.

ఇప్పుడు అమ్మ ప్రశ్నకి జవాబు. మొక్కజొన్నలో గోధుమలో ఉండే గ్లూటెన్ లేదు. జొన్నలోనూ లేదు. అందుకే జొన్నరొట్టెకి మనం ఉడుకు నీళ్ళు పోసి పిండి కలుపుతాం. ఆ వేడికి పిండిలో స్టార్చ్ కొంచెం ఉడికి జిగురొస్తుంది, ఆ జిగురే రొట్టెని పట్టుకుంటుంది. మాసాలో ఆ పని వేడీ, సున్నమూ కలిసి చేస్తాయి. స్టార్చ్ కొంత ఉడుకుతుంది, సున్నం గింజ గోడల్ని కరిగించి జిగురు బయటికి తెస్తుంది, కాల్షియం దాన్ని కట్టిపడేస్తుంది. మక్కీ ఆటాలో సున్నం పని జరగలేదు. అందుకే అది ఎన్నిసార్లు తట్టినా అలా సాగదు. మీ చేతిలో తప్పేం లేదు, పిండే వేరు. అవుట్‌పుట్ తప్పొస్తే ముందు ఇన్‌పుట్ చూడాలి అని మన ఆఫీసుల్లో చెబుతుంటారుగా, అదే.

ఇంకోటి, పేర్ల గందరగోళం. ఇండియాలో కార్న్ ఫ్లోర్ అంటే మంచూరియాలో వేసే తెల్లటి స్టార్చ్. దాంతో రొట్టె కాదు, గంజి అవుతుంది. కార్న్ మీల్ అంటే మొక్కజొన్న రవ్వ. దాంతో కూడా కాదు. మాసా హరీనా అని ఇంకోటి ఉంది. అది నిజమైన మాసానే ఆరబెట్టి పొడి చేసింది. మసేకా అనే బ్రాండ్ మీరు చూసే ఉంటారు, దాన్ని తయారుచేసే గ్రూమా కంపెనీ 1949లో మెక్సికోలో మొదలైంది. నీళ్ళు కలిపితే మాసా రెడీ. చెడ్డదేం కాదు. ఇన్‌స్టంట్ ఇడ్లీ మిక్స్‌కీ, పొద్దున్నే రుబ్బిన ఇడ్లీ పిండికీ ఎంత తేడానో, దీనికీ ఫ్రెష్ మాసాకీ అంత తేడా. ఇడ్లీ మిక్స్‌తో కడుపు నిండుతుంది. కానీ అమ్మమ్మ ఇంటి ఇడ్లీ రాదు.

సున్నం సంగతిలో ఒక చిన్న కథ, మన హైదరాబాద్‌కి కూడా లింక్ ఉంది. మొక్కజొన్నలో నియాసిన్ అనే బి విటమిన్ ఉంటుంది, కానీ చాలావరకు మన ఒంటికి అందని రూపంలో ఉంటుంది. సున్నంతో ఉడికిస్తే విడుదలవుతుంది. కొలంబస్ తర్వాత యూరప్ వాళ్ళు మొక్కజొన్న గింజల్ని పట్టుకెళ్ళారు, సున్నం పద్ధతిని మాత్రం పట్టుకెళ్ళలేదు. దాన్నే మూడు పూటలా తిన్న పేదవాళ్ళకి పెల్లాగ్రా అనే జబ్బు వచ్చింది. చర్మం పగిలి, విరేచనాలై, మతి తప్పి, చివరికి చనిపోయేవాళ్ళు. స్పెయిన్‌లో 1735లోనే ఒక డాక్టర్ దీన్ని గుర్తించాడు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో 20వ శతాబ్దం మొదట్లో వేలమంది దీనికి బలయ్యారు. ఇది అంటురోగం కాదు, తిండి లోపం అని జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే డాక్టర్ నిరూపించాడు. మన దక్కన్‌లో జొన్నలే ప్రధాన ఆహారంగా బతికిన పేదల్లోనూ పెల్లాగ్రా కనిపించేది. దాని మీద 1960ల్లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు పరిశోధన చేశారు. కంగారు పడొద్దు, జొన్నరొట్టెతో పాటు పప్పు, పాలు, కూర తినేవాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు. నేను చెప్పేది ఏంటంటే, మెక్సికన్ అమ్మమ్మలు సున్నం వేసింది రుచికో మెత్తదనానికో మాత్రమే కాదు, అది ప్రాణాలు కాపాడిన పద్ధతి.

ఇప్పుడు అసలు పాయింట్. మాసా కొనడానికి వెళ్ళినప్పుడు అడగాల్సిన మూడు ప్రశ్నలు. నోట్ చేసుకోండి, లేదా స్క్రీన్‌షాట్ తీసుకోండి.

మొదటి ప్రశ్న: ప్రెపరాదానా, సిన్ ప్రెపరారా? అంటే కలిపినదా, కలపనిదా? ప్రెపరాదా అంటే తమాలేల కోసం కొవ్వు, ఉప్పు, ఒక్కోసారి కోడి ఉడికించిన నీళ్ళు కూడా కలిపిన పిండి. తమాలే అంటే మొక్కజొన్న పొత్తు ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించేది, మన ఆకు కుడుముల్లాంటిది. మనకి కావాల్సింది సిన్ ప్రెపరార్. అందులో ఉండాల్సింది మూడే: మొక్కజొన్న, నీళ్ళు, సున్నం. శాకాహారులు ఇంకో మాట గుర్తుపెట్టుకోండి: మాంతేకా. మెక్సికన్ షాపులో ఉత్త మాంతేకా అంటే పంది కొవ్వు. మాంతేకా వెహెతాల్ అంటే వనస్పతి లాంటిది. మాంతెకీయా అంటే వెన్న. మూడు పేర్లూ దగ్గరదగ్గరగా ఉంటాయి, జాగ్రత్త. ఉడికించి మెదిపిన బీన్స్‌లో, గోధుమ టోర్టియాల్లో కూడా మాంతేకా ఉండొచ్చు. "సిన్ మాంతేకా?" అని అడగండి. కొవ్వు లేకుండానా అని అర్థం. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, రోజూ అడిగేవాళ్ళు ఉంటారు.

రెండో ప్రశ్న: "ఎస్ దె నిక్స్టమాల్ ఓ దె హరీనా?" గింజ ఉడికించి రుబ్బిందా, లేక పొడిలో నీళ్ళు కలిపిందా అని. చాలా షాపుల్లో ఫ్రెష్ అని పెట్టేది పొద్దున్నే పొడి కలిపిన ముద్దే. అది మోసమేం కాదు, ఫ్రెష్‌గా కలిపిందే. కానీ అదే కావాలంటే ఇంట్లో పొడి తెచ్చుకుని మనమే కలుపుకోవచ్చు, దానికోసం గంట ప్రయాణం ఎందుకు? లోపల ఉడికించే పెద్ద గుండిగలు, రాతి మర ఉన్న చోటే నిక్స్టమాల్ మాసా ఉంటుంది. గుమ్మంలోకి వెళ్ళగానే తడి మట్టి మీద వాన పడ్డట్టు, ఉడికిన మొక్కజొన్న కలిసిన ఒక వాసన వస్తుంది. ఒకసారి పడితే మర్చిపోరు.

మూడో ప్రశ్న: "ఎస్ దె ఓయ్?" ఎవరినో పిలిచినట్టు ఉంటుంది గానీ, స్పానిష్‌లో ఓయ్ అంటే ఈరోజు. ఈరోజు చేసిందేనా అని. దీన్ని టోర్టియాలకి అడుగుతున్నామని కూడా చెప్పండి, "పారా తోర్తియాస్". ఎందుకంటే టోర్టియాలకి మెత్తగా రుబ్బుతారు, తమాలేలకి కొంచెం బరకగా. బరకది తెస్తే అంచులు పగులుతాయి.

ఈ మూడు ప్రశ్నలూ ఫోన్‌లో రాసుకుని, ఆ శనివారం జరిగిన రెండు వారాల తర్వాత అమ్మని తీసుకుని బయల్దేరాను. ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలెక్కితే డేలీ సిటీ వెళ్ళే లైన్‌లో 24వ వీధి మిషన్ స్టేషన్‌లో దిగాలి, దాదాపు గంట. అక్కడి నుంచి 24వ వీధిలో తూర్పు వైపు ఓ పదిహేను నిమిషాల నడక. దారిలో బామీ అనే సందు వస్తుంది, గోడల నిండా బొమ్మలు. 1970ల నుంచి అక్కడి కళాకారులు వేస్తూ వస్తున్నారు. ఒక ఐదు నిమిషాలు ఆగి చూడండి. లా పాల్మా ఫ్లోరిడా వీధి మూల మీద ఉంటుంది. బయల్దేరే ముందు ఫోన్ చేసి టైమింగ్స్ కనుక్కోండి. పొద్దున్నే వెళ్ళడం మంచిది, మధ్యాహ్నానికి అయిపోవచ్చు.

లోపల అమ్మ చేసిన మొదటి పని చేతులు తడుతున్న వాళ్ళ వైపు చూస్తూ నిలబడటం. నేను ప్రశ్నలు అడిగాను, నా స్పానిష్ విని కౌంటర్‌లో ఆవిడ నవ్వుతూ ఇంగ్లీషులో జవాబు చెప్పింది. సిన్ ప్రెపరార్, టోర్టియాలకి, ఈరోజుదే. అమ్మకి తెలుగులో చెప్పాను. "ఇంకోసారి అడుగు" అంది. అడిగాను. కార్న్, వాటర్, లైమ్ అని మూడు వేళ్ళు చూపించింది ఆవిడ. ఇక్కడ అమ్మ కంగారుపడి "నిమ్మకాయ ఎందుకు వేస్తారు?" అంది. లైమ్ అంటే ఇక్కడ సున్నం అని చెప్పాల్సి వచ్చింది. సున్నం అనగానే అమ్మ ముఖం తేటపడింది. "సున్నమైతే తాంబూలంలో తింటాం కదా, పర్లేదు."

రెండు పౌండ్లు కొన్నాం. ఆ సంచీ ఇంకా వెచ్చగానే ఉంది.

శాన్‌ఫ్రాన్సిస్కోకి దూరంగా ఉన్నవాళ్ళకి: ఓక్లాండ్‌లో ఫ్రూట్‌వేల్ వైపు, శాన్‌హోసేలో తూర్పు వైపు మెక్సికన్ కుటుంబాలు ఎక్కువ, టోర్టియా షాపులూ ఎక్కువే. మ్యాప్స్‌లో మాసా అని వెతక్కండి, 'టోర్టియెరియా' లేదా 'మొలీనో' అని వెతకండి. మొలీనో అంటే మర. మన ఊళ్ళో పిండి మర ఎక్కడని అడిగినట్టే. వేరే సిటీల్లో ఉన్నవాళ్ళకీ ఇదే సూత్రం. చికాగోలో 1950 నుంచి ఉన్న ఎల్ మిలాగ్రో, డాలస్‌లో 1924లో మొదలైన లూనాస్ లాంటి పాత టోర్టియా ఫ్యాక్టరీల పేర్ల నుంచి మొదలుపెట్టండి. ఎక్కడికెళ్ళినా ప్రశ్నలు మాత్రం ఆ మూడే. డిసెంబర్‌లో ఒక జాగ్రత్త: క్రిస్మస్‌కి ప్రతి మెక్సికన్ ఇంట్లో తమాలేలు చేస్తారు, షాపుల ముందు క్యూలు వీధి దాటుతాయి. అప్పుడు బయట ఎక్కువగా పెట్టేది ప్రెపరాదానే. ముందే ఆర్డర్ చెప్పుకోండి, సిన్ ప్రెపరార్ అని రెండుసార్లు చెప్పండి.

కాలిఫోర్నియాలో ఉండేవాళ్ళకి ఇంకో చిన్న విషయం. 2026 జనవరి 1 నుంచి ఇక్కడ అమ్మే మాసా పొడిలో ఫోలిక్ యాసిడ్ కలపాలని చట్టం వచ్చింది. కడుపులో బిడ్డ వెన్నుపాము, మెదడు సరిగా తయారవ్వడానికి అది కావాలి. లేబుల్ మీద ఆ పేరు కనిపిస్తే కెమికల్ అని భయపడకండి, అది విటమినే.

ఇంటికి తెచ్చాక ఏం చేయాలి? తెచ్చిన రోజే వాడటం ఉత్తమం. ఆరిపోకుండా తడిగుడ్డ కప్పి ఉంచండి. ఫ్రిజ్‌లో గాలి తగలకుండా పెడితే రెండు మూడు రోజులు ఉంటుంది. ఇడ్లీ పిండి పులిస్తే సంతోషిస్తాం, మాసా పులిస్తే మాత్రం పని అయిపోయినట్టే. పుల్లటి వాసనొస్తే పారేయండి. చేసేటప్పుడు నిమ్మకాయంత ముద్ద తీసుకుని వేలితో నొక్కండి. అంచు పగిలితే కొంచెం నీళ్ళు చల్లి పిసకండి. చేతికి అంటుకుంటే కాసేపు ఆరనివ్వండి. ప్రెస్ లేకపోతే బొబ్బట్లకి చేసినట్టు రెండు ప్లాస్టిక్ కవర్ల మధ్య పెట్టి పళ్ళెంతో అదమండి. పెనం బాగా కాలాలి, నూనె వద్దు. వేసిన అర నిమిషానికి తిప్పండి, రెండోవైపు ఒక నిమిషం, మళ్ళీ తిప్పి మెల్లగా నొక్కితే పుల్కాలా పొంగుతుంది. తీసిన వెంటనే గుడ్డలో చుట్టి పెట్టండి, ఆ ఆవిరికే మెత్తబడతాయి.

ఇండియాలో ఉన్న మన ఆడియెన్స్ అడుగుతారు, మాకెలా అని. ఇంట్లోనే చేసుకోవచ్చు. కేజీ ఎండు మొక్కజొన్న గింజలు, తినడానికి అమ్మేవే తీసుకోండి. విత్తనాల షాపులో దొరికేవాటికి పురుగుమందు పట్టించి ఉంటుంది, వాటి జోలికి వెళ్ళొద్దు. స్వీట్ కార్న్, పాప్‌కార్న్ గింజలు పనికిరావు. సున్నం 10 గ్రాములు చాలు. తినడానికి పనికొచ్చేదే, ఏ సెంటూ కలపని తాంబూలం సున్నం. గోడకి వేసేది వద్దు. దాన్ని మూడు లీటర్ల నీళ్ళలో కలిపి, గింజలు వేసి, ముప్పావుగంట సన్నమంట మీద ఉడికించండి. స్టీల్ గిన్నె వాడండి, అల్యూమినియం వద్దు. రాత్రంతా నాననిచ్చి, పొద్దున కడిగి వెట్ గ్రైండర్‌లో వేయండి. తమాషా ఏంటంటే, అమెరికాలో ఇంట్లో మాసా చేసుకునేవాళ్ళలో కొందరు వాడేది మన ఇడ్లీ గ్రైండరే. నీళ్ళు తక్కువ పోయాలి కాబట్టి మోటార్ మీద భారం పడుతుంది, కొంచెం కొంచెంగా వేసి రుబ్బండి.

చివరిగా అమ్మ సంగతి. ఆరోజు లా పాల్మా నుంచి వచ్చాక, అమ్మ ప్రెస్ వద్దంది. చేతులు తడుపుకుని నేరుగా తట్టింది. జొన్నరొట్టె చేయి కదా, మొదటిది పెద్దగా, మన రొట్టె సైజులోనే వచ్చింది. పెనం మీద పొంగింది. ఉల్లికారం చేసింది, పక్కన గడ్డపెరుగు. నేను తినడం మొదలుపెట్టాను. అమ్మ తన ప్లేట్‌లో రొట్టె పెట్టుకుని, తినకుండా, ఆ సంచీ నా చేతికిచ్చింది.

"చదువు."

చదివాను. మొక్కజొన్న, నీళ్ళు, సున్నం.

"ఇంకేం లేదు కదా?"

"లేదమ్మా."

అప్పుడు తుంచుకుంది. నమిలి, "ఏం రా, బాగానే ఉంది, జొన్నరొట్టెకి తమ్ముడు లాగుంది" అంది. రెండోది కూడా వేసుకుంది. ఆ మొదటి శనివారం తర్వాత, నా చేతిలోంచి బయటి వస్తువు నమ్మి తినడం అదే మొదలు.

అందుకే ఫ్రెండ్స్, ఎక్కడ కొనాలి అన్నదానికి 24వ వీధి అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ ఇంట్లో మనల్ని నమ్మి తినేవాళ్ళు ఉన్నప్పుడు, కౌంటర్ దగ్గర ఒక్క నిమిషం ఆగి అడగండి. మీ యాక్సెంట్ ఎలా ఉన్నా పర్లేదు. నోరుంది కదా మనకి.

మీ సిటీలో గింజ ఉడికించి రుబ్బే షాపు ఏదైనా తెలిస్తే కామెంట్‌లో రాయండి, ఈ మూడు ప్రశ్నలకి వాళ్ళేం చెప్పారో కూడా రాయండి. ఈ వీడియో అమెరికాలో ఉన్న మీ ఫ్రెండ్స్‌కి, ముఖ్యంగా అమ్మానాన్న వస్తున్న వాళ్ళకి షేర్ చేయండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటివరకు సెలవు, ఉంటా మరి.